కంజీలన్నీ బొమ్మలేనా?

ప్రశ్న: జపనీస్ నేర్చుకుంటున్నానండీ, అందులో చైనా నుంచి వచ్చిన కంజీ అక్షరాలు చూస్తున్నా. ఒక చెట్టు గీస్తే 'కి', అంటే చెట్టు, రెండు గీస్తే తోపు, మూడైతే అడవి, మనిషి పక్కన చెట్టు పెడితే విశ్రాంతి, ఇంతవరకు సరదాగానే ఉంది. మరి 'కాలం' అక్షరంలో సూర్యుడి పక్కన గుడి ఎందుకుంది?

జవాబు: అక్కడ గుడి 'జి' అనే శబ్దం కోసమే బ్రో, అర్థం సూర్యుడిది. సమురాయ్ అక్షరంలోనూ అదే గుడి, దానికీ 'జి' ఉచ్చారణ ఉంది. జపాన్‌లో రోజువారీ వాడకానికి ప్రభుత్వం ఇచ్చిన జోయో జాబితాలోని 2136 కంజీల్లో ఎక్కువ భాగం ఇలా ఒక ముక్క అర్థానికి, ఒక ముక్క శబ్దానికి ఉన్నవే.

ఇంకొకరు: 'తూర్పు' కూడా చూడండి. చెట్టులో సూర్యుడని చైనా పండితుడు షు షెన్ నిఘంటువు క్రీ.శ. 100 ప్రాంతంలో చెప్పింది గానీ, అంతకు వెయ్యేళ్ళకు పైగా ముందు చైనాలో ఎముకల మీద చెక్కిన రూపం రెండు వైపులా కట్టిన మూటలా ఉంటుంది.

మరొకరు: గుర్తుండటానికి ఏ కథైనా పర్లేదు లెండి. కొండ, పైకి, కిందికి కలిపితే 'తోగే', అంటే కనుమ. అది జపాన్‌లోనే పుట్టిన కంజీ, నాకు భలే ఇష్టం.