సొంత భూమి లేదు, సాగు చేయాలని ఉంది. ఈ కౌలు తీసుకోమంటారా?

కొత్తసాగు:
రెండేళ్లుగా కూరగాయల తోటలో పని చేస్తున్నాను. నారు పోయడం, డ్రిప్ చూసుకోవడం, కోత, గ్రేడింగ్ అన్నీ వచ్చాయి. ఇప్పుడు సొంతంగా చేద్దామంటే భూమి లేదు. ఒకాయన 5 ఎకరాలు కౌలుకి ఇస్తానంటున్నారు. కాగితం అక్కర్లేదు, ఏడాదికేడాది చూసుకుందాం అన్నారు. బోరు ఉంది. చేతిలో ఉన్న డబ్బు ఒక్క పంటకే సరిపోతుంది. ఎటూ తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది.

పాతకౌలుదారు:
5 ఎకరాలూ వద్దండి. నోటిమాట మీద అసలే వద్దు.

నేను మొదట తీసుకున్నది తెల్లగా చౌడు తేలిన నేల. రెండేళ్లు పచ్చిరొట్ట ఎరువు కోసం జీలుగ చల్లి, పూతకొచ్చే వేళకి మట్టిలో కలియదున్నాను. పశువుల ఎరువు తోలాను. మూడో ఏడు మట్టి గుల్లబారి పైరు బాగా నిలబడింది. పంట ఇంటికి రాగానే భూమి వదిలేయమన్నారు. నా దగ్గర చూపించడానికి ఒక్క కాగితం లేదు. ఆ గట్టు దిగి వచ్చిన రోజు ఇప్పటికీ మర్చిపోలేను.

అందుకే కనీసం 3 ఏళ్లకి రాయించుకోండి. మోటారు కాలితే ఎవరు బాగుచేయించాలి, మీరు వేసిన పైపులు చివరికి ఎవరివి, పొలం ఖాళీ చేయమనాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, ఇవన్నీ అందులో ఉండాలి. పంట మీద ఉండగా పొమ్మనకూడదు.

ఇక బోరు. వేసవి చివర్లో, మోటారు గంటసేపు ఆడాక బకెట్ పట్టి చూడండి. 20 లీటర్ల బకెట్ 10 సెకన్లలో నిండితే గంటకి 7,200 లీటర్లు. ఎండల్లో పైరుకి రోజుకి 5 మిల్లీమీటర్ల నీళ్లు అనుకుంటే ఎకరానికి 20,000 లీటర్లు దాటుతుంది. అంటే అంత మంచి బోరైనా 5 ఎకరాలకి రోజూ 14 గంటలు ఆడాలి.

ఆకుకూరలమ్మ:
నేను అరెకరంతో మొదలుపెట్టాను. విత్తనం కొనకముందే ప్రతివారం తీసుకునే పది ఇళ్లు మాట్లాడుకున్నాను. అన్నీ ఒకేసారి వేయకుండా వారానికో మడి చొప్పున వేస్తే వారం వారం డబ్బు కనిపిస్తుంది. సేంద్రియ సర్టిఫికెట్ ఆలోచన ఉంటే, రసాయనాలు ఆపాక మామూలుగా 2, 3 ఏళ్లు ఆగాలి. ఏడాది కౌలుతో అది అయ్యే పని కాదు.

కొత్తసాగు:
నిన్న వెళ్లి పట్టి చూశానండి. బకెట్ నిండడానికి 32 సెకన్లు పట్టింది. లెక్కేస్తే ఎకరానికే 9 గంటలు. ఒక్క ఎకరమే చాలన్నాను. 3 ఏళ్ల కాగితం గురించి ఇంట్లో అడిగి చెప్తానన్నారు.

పాతకౌలుదారు:
మంచి పని చేశారు. ఆయన జవాబు వచ్చేలోపు మట్టి పరీక్ష చేయించండి. 8, 10 చోట్ల 15 సెంటీమీటర్ల లోతున తీసి కలపాలి. గట్ల పక్కన, చెట్టు నీడన, ఎరువు కుప్పలు పోసిన చోట తీయకండి. నీళ్లు కూడా ఒక సీసాలో పట్టి పరీక్షకి ఇవ్వండి. నీళ్లలోనే ఉప్పుంటే మట్టికి ఎంత చేసినా నిలవదు. రిపోర్ట్ రాగానే ఇక్కడ పెట్టండి, చూస్తాను.