‘ఓనర్‌షిప్’కి తెలుగు: యాజమాన్యమా, పూచీయా?

ప్రశ్న: సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామింగ్ పాఠాన్ని తెలుగులో రాసేటప్పుడు ‘వెక్టర్ (ఎలిమెంట్లను వరసగా దాచే డబ్బా) తన ఎలిమెంట్లకు ఓనర్’ అనే చోట ‘యజమాని’ అనీ, ఆబ్జెక్టు ఆయుష్షు తీరినప్పుడు నడిచే ‘డిస్ట్రక్టర్’కి ‘విధ్వంసకం’ అనీ రాస్తే సరిపోతుందా అండీ?

జవాబు: రెండూ కుదరవండీ. యాజమాన్యం అనగానే కాలేజీ యాజమాన్యం గుర్తొస్తుంది. పైగా యజమాని అంటే హక్కున్నవాడు. ఇక్కడ తేల్చాల్సింది ఆబ్జెక్టును చివర్లో తొలగించే బాధ్యత ఎవరిదని. దానికి ‘పూచీ’ చక్కటి మాట.

వెక్టర్‌లో నేరుగా ఆబ్జెక్టులే పెడితే పూచీ వెక్టర్‌ది. దాని ఆయుష్షు తీరినప్పుడు ఒక్కోదాని డిస్ట్రక్టర్‌నూ అదే పిలుస్తుంది. ‘న్యూ’తో పుట్టించిన 100 ఆబ్జెక్టుల మామూలు పాయింటర్లు (అంటే వాటి చిరునామాలు) పెడితే మాత్రం పూచీ ఆ పాయింటర్ల వరకే. ‘డిలీట్’ ఎవరూ పిలవకపోతే 100 ఆబ్జెక్టులూ హీప్‌లో (‘న్యూ’ చోటిచ్చే మెమరీలో) ఉండిపోతాయి. ‘క్లియర్’తో అన్నీ తీసేసినా, ‘ఎరేజ్’తో కొన్ని తీసేసినా ఇదే లీకు (మెమరీ వృథా). తాళంచెవుల గుత్తి పారేస్తే ఇళ్లు కూలవు, లోపలికి దారే పోతుంది. ‘యజమాని’ అని రాస్తే ఈ తేడా చదివేవాళ్లకు అందదు.

‘డిలీట్’ను తామే పిలిచే స్మార్ట్ పాయింటర్లలో యునీక్ పాయింటర్‌ది ఒక్కరి పూచీ, షేర్డ్ పాయింటర్‌ది ఉమ్మడి పూచీ.

మరో జవాబు: పూచీకి నా ఓటు కూడా. పూచీని ఇంకొకరికి మార్చే ‘మూవ్’కి ‘అప్పగింత’ అనండి, బదిలీ అయిన ఉద్యోగి ఛార్జి అప్పగించినట్టు. పాతకాలపు స్మార్ట్ పాయింటర్ అయిన ఆటో పాయింటర్‌ను కాపీ చేస్తే పూచీ చడీచప్పుడు లేకుండా చేతులు మారి, అసలుది ఖాళీ అయ్యేది. అందుకే అది వెక్టర్ లాంటి కంటైనర్లకు పనికిరాలేదు. సీ ప్లస్ ప్లస్ 2011 ప్రమాణం దాన్ని వద్దంది, 2017లో తీసేశారు. యునీక్ పాయింటర్‌కు కాపీ లేదు, అప్పగింతే.

డిస్ట్రక్టర్‌కి ‘ఉద్వాసన’ అంటాను. పూజ ఆవాహనతో మొదలై ఉద్వాసనతో ముగిసినట్టే, ఆబ్జెక్టును మొదట సిద్ధం చేసే కన్‌స్ట్రక్టర్, డిస్ట్రక్టర్ జంట. ఫైలు మూయడం, మెమరీ తిరిగివ్వడం విధ్వంసం కాదు కదా! ‘క్లియర్’ చేస్తే ఎలిమెంట్లకు ఉద్వాసన జరుగుతుంది, సైజు 0 అవుతుంది, కెపాసిటీ (వెక్టర్ తీసిపెట్టుకున్న చోటు) తగ్గదు. దేవుడికి ఉద్వాసన చెప్పినా పీట అక్కడే ఉంటుంది.

ప్రశ్న: పేపర్లలో ‘ఉద్వాసన’ అంటే ఉద్యోగం ఊడటం. అయినా పీట పోలికతో ఒప్పుకుంటున్నాను. మరి ఎలిమెంట్‌కు తీసుకున్న రిఫరెన్స్‌ను (దాన్నే సూచించే మారుపేరును) ‘అప్పు’ అనొచ్చా?

జవాబు: ‘ఎరవు’ అనండి. అప్పు తెచ్చిన నోటే తిరిగివ్వం, ఎరవు తెచ్చిన నగ అదే ఇవ్వాలి. కెపాసిటీ నిండాక ‘పుష్ బ్యాక్’తో చివర మరో ఎలిమెంట్ చేరిస్తే ఎలిమెంట్లు కొత్త చోటికి మారతాయి, పాత రిఫరెన్సులు చెల్లవు. ఎలిమెంట్లు యునీక్ పాయింటర్లయితే ‘గెట్’తో ఎరవు తెచ్చుకున్న ఆబ్జెక్టు చిరునామా మాత్రం చెల్లుతుంది. చోటు మారింది గుత్తి, ఇల్లు కాదు.