మంత్రంతో ఎగిరే పడవకు శక్తి లెక్క ఎలా కుదర్చాలి?

నేను రాస్తున్న నవల ఫాంటసీయే, కానీ అందులో మంత్రం కూడా యంత్రంలాగే లెక్కకు లోబడాలి. శక్తి ఊరికే పుట్టదు. మంత్రగాడు పక్కనున్న నీళ్లలోని వేడిని లాగి పడవను లేపుతాడు. చిక్కంతా ఇక్కడే. మనుషులతో కలిపి 300 కిలోల పడవను 50 మీటర్లు లేపడానికి సుమారు 1,47,000 జౌళ్లు (జౌల్ అంటే శక్తికి కొలత) కావాలి. లీటరు నీళ్లు ఒక్క డిగ్రీ చల్లారితేనే 4,186 జౌళ్లు వస్తాయి. అంటే 20 లీటర్ల క్యాను రెండు డిగ్రీలైనా చల్లబడకముందే పడవ పైకెళ్లిపోతుంది! ఇంత చవకైతే విలన్‌కి ఒక బావి దొరికితే కథ అయిపోయినట్టే.

అందుకే లాగే మొత్తం శక్తి మీద కాకుండా, లాగే వేగం మీద కట్టడి పెట్టాను: మంత్రం పాడే ఒక గొంతు సెకనుకు 500 జౌళ్లే లాగగలదు. అప్పుడు ఆ 50 మీటర్లకు దాదాపు 5 నిమిషాలు. కోట ముట్టడికి బాగానే ఉంది, ఛేజింగ్ సీను మాత్రం చచ్చిపోయింది. ముందే తిప్పి ఉంచిన ఫ్లైవీల్‌లో (తిరుగుతూ శక్తిని నిల్వ ఉంచే బరువైన చక్రంలో) శక్తి దాచుకోనిస్తే ఛేజింగ్ బతుకుతుంది గానీ, శత్రువు వంద చక్రాలు దాచుకుంటాడు. ఇరుసు రాపిడికి తెల్లారేసరికి సగం పోతుందంటే నమ్మేలా ఉంటుందా? లేక శ్రుతి తప్పితే పక్కవాళ్ల ఒంటి వేడినే లాగేస్తుందన్న భయం ఒక్కటే సరిపోతుందా? మెకానికల్ చదివినవాళ్లు, సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్లు కాస్త చెప్పండి.