రాంగ్‌ఫుల్ డెత్ కేసు అంటే హత్య కేసా?

ప్రశ్న (దిల్‌సుఖ్‌నగర్ నుంచి):
మా బావ పోయిన నెల డల్లాస్‌లో ట్రక్కు గుద్దడంతో చనిపోయారు. అక్క, పిల్లలు అక్కడే ఉన్నారు. అక్కడి లాయరు రాంగ్‌ఫుల్ డెత్ కేసు వేద్దామని, దానికి బావ వాళ్ల అమ్మానాన్నల సంతకాలు కూడా కావాలని అన్నారట. ఆ మాట విన్నప్పటి నుంచి అత్తయ్య "నా కొడుకుని కావాలని చంపారా" అని ఒకటే ఏడుపు. అసలు ఇది క్రిమినల్ కేసా? డ్రైవర్ మీద పోలీసు కేసు తేలేదాకా ఆగాలా? అక్క తరఫున నేను వేయొచ్చా? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి, ఇంట్లో అందరం చాలా టెన్షన్‌లో ఉన్నాం.

జవాబు 1:
ముందు అత్తయ్యగారికి చెప్పండి, హత్య అని ఎవరూ అనడం లేదు. ఎవరి నిర్లక్ష్యం వల్లో తప్పు వల్లో మనిషి పోతే, ఆయన కుటుంబం నష్టపరిహారం అడిగే సివిల్ దావా ఇది. కావాలని చేశారని నిరూపించక్కర్లేదు, ఇందులో జైలు శిక్ష ఉండదు. పోలీసు కేసు దారి వేరు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ఓజే సింప్సన్‌ని 1995లో తన మాజీ భార్యని, ఆమె స్నేహితుడు రాన్ గోల్డ్‌మన్‌ని చంపాడన్న హత్య కేసులో నిర్దోషి అని వదిలేశారు కదా, 1997లో సివిల్ జ్యూరీ మాత్రం గోల్డ్‌మన్ చావుకి ఆయనే బాధ్యుడని తేల్చి పరిహారం కట్టమంది. సివిల్‌లో అలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువని చూపిస్తే చాలు, క్రిమినల్ కేసుకి కావలసినంత రుజువు అక్కర్లేదు.

జవాబు 2:
డల్లాస్ ఉన్న టెక్సాస్ రాష్ట్రంలో ఈ కేసు వేసే హక్కు భార్య లేదా భర్తకి, పిల్లలకి, తల్లిదండ్రులకి మాత్రమే. సొంత అన్నదమ్ములకే లేదు, కాబట్టి మీరు వేయలేరు. గడువు మామూలుగా రెండేళ్లు, పోలీసు కేసు కోసం కూర్చోకండి. ఇంకోటి, మామయ్యగారు వాళ్లు సంతకం పెడితే కోడలి వాటా లాక్కున్నట్టు అవుతుందేమో అని వెనకాడతారు, చాలా ఇళ్లలో చూశాను. ఎవరికి ఎంత నష్టమో జ్యూరీ విడివిడిగా తేలుస్తుంది, అందరూ ఒకే కేసులో ఉండొచ్చు.

జవాబు 3 (సిటీ సివిల్ కోర్టులో ప్రాక్టీస్):
మన దగ్గర ఇదే పేరుతో చట్టం లేదు గానీ 1855 నాటి ఫేటల్ యాక్సిడెంట్స్ యాక్ట్ ఉద్దేశం ఇదే. రోడ్డు ప్రమాదాలైతే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కి వెళ్తాం, అక్కడ వయసు, జీతం, ఎంతమంది ఆధారపడ్డారు అని చూసి లెక్క కడతారు. 31 నుంచి 35 ఏళ్ల మనిషి అయితే ఇంటికి అందే ఏడాది ఆదాయాన్ని 16తో గుణిస్తారు, 2009 సరళా వర్మ తీర్పు ప్రకారం. మీ కేసు మాత్రం టెక్సాస్‌లోనే నడవాలి, అక్కడ మానసిక క్షోభకి కూడా జ్యూరీ విడిగా డబ్బు ఇవ్వగలదు. అందుకే ఇన్సూరెన్స్ వాళ్లు సెటిల్‌మెంట్ కాగితాలు పంపితే, లాయరుకి చూపించకుండా అక్క దేనిమీదా సంతకం పెట్టకూడదని ఇవాళే ఫోన్ చేసి చెప్పండి.