దేని దగ్గర పట్టు వదలకూడదు? మిల్లు గుమస్తాగా నా ప్రశ్న

పాలకొల్లు తమ్ముడు:
అందరికీ వందనాలండి. పాలకొల్లు దగ్గర ఒక రైస్ మిల్లులో గుమస్తాగా ఏడేళ్ళుగా చేస్తున్నాను. మొన్న దసరాకి కాటాకి, మిషన్లకి బొట్లు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. ఓనరు గారు నా చేతికి ప్రసాదం ఇవ్వబోతే "మేం తినమండి" అన్నాను. ఆయన ఏమీ అనకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నారు. క్రైస్తవుడిగా నా సాక్ష్యం నిలబెట్టుకున్నానని ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను.

ఇప్పుడు సార్వా ధాన్యం వస్తోంది. పోయిన శనివారం ఒక కౌలు రైతు 60 బస్తాలు తెచ్చారు. వానకి తడిస్తే రోడ్డు మీద మూడు రోజులు ఆరబోసి మరీ తెచ్చారు. గుప్పెడు గింజలు తేమ మిషన్‌లో వేస్తే 17 చూపించింది. ప్రభుత్వం ఒప్పుకునేదీ 17 శాతమే. లోపలి నుంచి "19 రాయి" అని కేక వినిపించింది. రాశాను. బస్తాకి రెండు కిలోలు తరుగు తీశారు. "బాబూ, గింజ కొరికి చూడు, టక్కుమంటోంది" అన్నారాయన. నేను తలెత్తలేదు.

ఆ రాత్రి కంచం ముందు ప్రార్థన చేయబోతే మాట రాలేదు. ఉద్యోగం పోయినా వదలకూడనివి ఏవి, సర్దుకుపోదగినవి ఏవి? వాక్యాన్ని బట్టి ఎలా తెలుసుకోవాలి? అమ్మ మందులకి ఈ జీతమే ఆధారం.

యానాం బ్రదర్:
ప్రసాదం దగ్గర మీరు చేసింది ముమ్మాటికీ సరైనదే. ప్రభువు బల్ల, దయ్యాల బల్ల రెండిటి దగ్గరా పాలు పొందలేమని 1 కొరింథీ 10లో ఉంది. మిల్లు సంగతి వేరు. మీరు జీతగాడు, లెక్క ఓనరుది, పాపం కూడా ఆయనదే. ప్రార్థన చేసుకుంటూ వేరే పని వెతుక్కోండి.

నరసాపురం టీచరమ్మ:
యానాం బ్రదర్, ఏమీ అనుకోకండి. ఆ 19 రాసిన చెయ్యి తమ్ముడిదే.

తమ్ముడూ, సండే స్కూల్లో పిల్లలకి ఎన్నో ఏళ్ళు, బబులోనుకి చెరగా వెళ్ళిన దానియేలు కథ చెప్పాను. సింహాల గుహ అంటే వాళ్ళకి ఇష్టం కాబట్టి గబగబా అక్కడికి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడు నెమ్మదిగా చదువుతుంటే, అతను ఎన్నిటికి ఒప్పుకున్నాడో కనిపిస్తోంది. బెల్తెషాజరు అని పేరు మార్చినా, కల్దీయుల భాష నేర్పినా, రాజు కొలువులో పెట్టినా కాదనలేదు. రాజు భోజనం మాత్రం వద్దన్నాడు. గుహలో వేయించే ముందు శత్రువులు మొదట వెతికింది అతని ఉద్యోగంలో తప్పు. అది దొరకలేదు గనకే ప్రార్థన మీద పడ్డారు. ఆరో అధ్యాయం చూడు.

తిండి విషయం, దినాల విషయం రోమా 14లో పౌలు ఎవరి మనస్సాక్షికి వాళ్ళకి వదిలాడు. తూకాన్ని అలా వదలడం నేనెక్కడా చూడలేదు. సంచిలో హెచ్చుది ఒకటి, తక్కువది ఒకటి రెండు తూనికరాళ్ళు ఉండకూడదని ద్వితీయోపదేశకాండం 25. దొంగత్రాసు హేయమని సామెతలు 11. నేను చూసుకునేది ఒకటే: నేను సర్దుకుపోతే నష్టం ఎవరికి? నాకే అయితే ఆలోచిస్తాను. పక్కవాడి కంచంలోంచి పోతుంటే సర్దుకుపోవడానికి నాకు హక్కు లేదు.

మా నాన్న చేపలు తూచి అమ్మేవారు. తక్కెడ ఎత్తినప్పుడు చిటికెన వేలు దూరంగా చాపేవారు, పళ్ళేనికి తగలడం లేదని కొనేవాళ్ళకి కనపడాలని. ఆ వేలు నాకిప్పటికీ కళ్ళ ముందుంది.

లంక రైతు:
నేను మీ మతం కాదండి, వరి వేసేవాణ్ణి. 60 బస్తాలకి 120 కిలోలు. క్వింటా 2,300 చొప్పున 2,760 రూపాయలు. కౌలు కట్టేవాడికి అది చిన్న మొత్తం కాదు. ఆయన మిమ్మల్ని నమ్మే "బాబూ" అన్నాడు.

పాలకొల్లు తమ్ముడు:
టీచరమ్మ గారూ, మీ జవాబు రాత్రి నాలుగుసార్లు చదివాను. యానాం అన్నా, మీరు ప్రేమతోనే చెప్పారు, కానీ ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున్న ఓనరు గారితో "ఇక నుంచి మిషన్ చూపించిందే రాస్తానండి" అన్నాను. చాలాసేపు రిజిస్టరు వైపే చూశారు. "సాయంత్రం మాట్లాడదాం" అన్నారు. టెన్షన్‌గానే ఉంది. ఆ 2,760 నా జీతంలోంచి రెండు నెలల్లో ఇచ్చేస్తాను. ఆ రైతుది కాలవ అవతల ఊరే. ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్ళి, రాసింది నేనేనని చెబుతాను. అమ్మకి ఇంకా చెప్పలేదు. ప్రార్థన చేయండి.