అప్‌డేట్: మూడో సైకిల్‌కే చతికిలబడ్డ 13ఎక్స్ జియోలైట్
పోయిన నెల అడిగాను కదా, కడపలో మా ల్యాబ్‌లో 13ఎక్స్ జియోలైట్ (సన్నని రంధ్రాల్లో వాయువుల్ని పట్టుకునే పదార్థం) మొదట కార్బన్ డయాక్సైడ్‌ను బాగా పట్టి, మూడో సైకిల్‌కే (వాయువును పట్టించి, వేడి చేసి వదిలిస్తే ఒక సైకిల్) ఎందుకు చతికిలబడిందని. దోషం తేమది. జియోలైట్‌కు కార్బన్ డయాక్సైడ్ కన్నా నీటి ఆవిరంటేనే మోజు, రంధ్రాల్లో ముందు అదే చేరి కూర్చుంటుంది, నేనేమో 120 డిగ్రీల దగ్గర వేడి చేసి పనైపోయిందనుకున్నా. మీలో ఒకరు చెప్పినట్టు నైట్రోజన్ వదులుతూ 350 డిగ్రీల్లో రాత్రంతా ఉంచితే దాదాపు మొదటిలాగే పట్టింది. టెన్షన్ తగ్గింది.

ఇప్పుడు జియోలైట్‌కు ముందు తేమను పీల్చే సిలికా జెల్ గొట్టం తగిలించాను. జియోలైట్‌కు బదులు అమైన్ (కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే రసాయనం) ఎక్కించిన సిలికా వాడితే తేమను తట్టుకుంటుంది, నిజమే, కానీ మా సార్ దృష్టంతా ఎర్రగుంట్ల సిమెంట్ పొగ మీద ఉంది, అందులో సల్ఫర్ డయాక్సైడ్ కొంచెమున్నా అమైన్‌ను పట్టుకుని ఒక పట్టాన వదలదు. అది తర్వాత చూస్తాం.