మిగ్-21 మోడల్‌కి మురికి పెట్టాలా, వద్దా?

గుంటూరు గ్లూ
అందరికీ నమస్కారం. ఒక పంచాయితీ ఉంది, మీరే తీర్చాలి. ఎడ్యుఆర్డ్ కంపెనీ వాళ్ల 1/48 (అసలు విమానంలో నలభై ఎనిమిదో వంతు) మిగ్-21 బిస్ రకం యుద్ధ విమానం ప్లాస్టిక్ కిట్ మీద నాలుగు నెలలు కూర్చున్నాను. మన వాయుసేన డెకాల్స్ (విమానం మీది గుర్తుల స్టిక్కర్లు) విడిగా తెప్పించుకున్నా. అతుకు ఎక్కడుందో కనిపించకుండా మూడుసార్లు పుట్టీ పెట్టి అరగదీశా. మొన్న ఒక మోడల్ షోకి తీసుకెళ్తే మార్కులు వేసే పెద్దాయన టార్చి వేసి చూసి, "పనితనం బాగుంది బాబూ, కానీ బొమ్మలా ఉంది. వెదరింగ్ ఏదీ?" అన్నాడు. బహుమతి పక్క టేబుల్‌కి వెళ్లింది. ఆ టేబుల్ మీదున్న మిగ్‌ని చూస్తే పొయ్యిలోంచి బయటికి లాగినట్టుంది.

కొత్తవాళ్లకి ఒక మాట: రంగు వేశాక ఎండకి వెలిసిన చాయ, ఆయిల్ మరక, పెయింట్ లేచిపోయిన చోటు, ఇవన్నీ కావాలని పెట్టడమే వెదరింగ్.

నా వాదన ఒక్కటే. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్పినప్పుడు మనందరం టీవీలో చూశాం. శుభ్రంగా ఉన్నాయి. మరి నా విమానానికి మసి ఎందుకు పూయాలి?

నలభై ఎనిమిదో వంతు
ఏమనుకోకు తమ్ముడూ, పెద్దాయన చెప్పింది కరెక్టే. విమానాన్ని నలభై ఎనిమిదో వంతుకి తగ్గించగలం గానీ ఎండని తగ్గించలేం కదా. అసలు విమానం మీద పడే వెలుగూ నీడా మోడల్ మీద పడవు. అందుకే ప్యానెల్ (ఒంటి మీది ఒక్కో రేకు) అంచుల్లో నలుపు, మధ్యలో లేత రంగు మనమే వేయాలి. స్పానిష్ స్టైల్ అని పేరు పడింది దీనికే. ఒకే బూడిద రంగు కొట్టి వదిలేస్తే అది ప్లాస్టిక్ లాగే కనిపిస్తుంది, ఎందుకంటే అది ప్లాస్టికే.

ఇంకోటి. వీడ్కోలు రోజు విమానం పెళ్లికూతురు లాంటిది. ఆ ఫొటో చూసి రోజూ అలాగే ఉండేది అనుకుంటే ఎలా?

పుట్టీ పూర్ణ
అన్నా, మీరు వేసే నల్ల గీత ఎప్పుడైనా కొలిచారా? నేను కొలిచాను. మంచి వాష్ (గీతల్లోకి పారించే పల్చటి రంగు) వేసినా 0.3 మిల్లీమీటర్లు వస్తుంది. దాన్ని 48తో గుణించండి, 14.4 మిల్లీమీటర్లు. అంటే అసలు విమానం మీద రెండు రేకుల మధ్య చిటికెన వేలు దూరేంత సందు! అలాంటి విమానం ఎగురుతుందా? 1/72లో అయితే 21.6, బొటనవేలే పడుతుంది.

మోడల్‌ని మనం 30 సెంటీమీటర్ల నుంచి చూస్తే, అసలు విమానాన్ని పధ్నాలుగు మీటర్ల దూరం నుంచి చూసినట్టు లెక్క. అంత దూరం నుంచి ఎన్ని ప్యానెల్ లైన్లు కనిపిస్తాయో విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన టీయూ-142 విమానం ముందు నిలబడి చూడండి. నేను నిలబడ్డాను. పెద్ద తలుపులు, రెక్క మీద ఫ్లాప్ అంచులు, అంతే.

అలాగని గుంటూరు గారి పక్షమూ కాదు. మీ మిగ్ ఫొటో చూశాను, ఎగ్జాస్ట్ నాజిల్ కూడా కొత్త స్టీల్ గ్లాసులా మెరుస్తోంది. ఆఫ్టర్‌బర్నర్ మంట తిన్న లోహం అలా ఉండదండీ.

నలభై ఎనిమిదో వంతు
మ్యూజియం విమానాన్ని సాక్ష్యంగా తేకండి పూర్ణ గారూ. బయట పెట్టినవాటికి మళ్లీ మళ్లీ రంగులేస్తారు, ఆ కింద ఉన్న గీతలన్నీ మూసుకుపోతాయి. ఈ హాబీలో మొదటి పాఠం అది.

పుట్టీ పూర్ణ
ఒప్పుకుంటున్నా. కానీ గుణకారం మారదు.

బాలానగర్ బుల్లోడు
నాది కాస్త వేరే బాధ. మా నాన్న విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్‌లో, బాలానగర్‌లో చేశారు. ఆ డివిజన్‌ని 1965లో పెట్టిందే మిగ్-21కి కావాల్సిన ఎలక్ట్రానిక్స్ కోసం. విమానం నాసిక్‌లో, ఇంజిన్ కోరాపుట్‌లో, లోపలి రేడియోలూ పరికరాలూ మన హైదరాబాద్‌లో. పోయిన నెల మా కజిన్ మోడల్ ఒకటి తెచ్చి చూపిస్తే నాన్న చాలాసేపు తిప్పి చూసి, "ఇంత తుప్పు పట్టించారేంట్రా" అని పక్కన పెట్టేశారు. ఇంకేం మాట్లాడలేదు.

మిగ్‌కి పేపర్లవాళ్లు 'ఎగిరే శవపేటిక' అని పేరు పెట్టి ఎన్నేళ్లయింది? ప్రమాదాలు జరిగాయి, పైలట్లు పోయారు, కాదనను. కానీ 1963 నుంచి అరవై రెండేళ్లు మోసింది కూడా అదే. ఇప్పుడు మనం కూడా దాన్ని పాత ఇనప సామాన్ల బండి మీది సరుకులా చూపిస్తే ఆ పేరుకి బొమ్మ గీసినట్టే.

నలభై ఎనిమిదో వంతు
తుప్పు విషయంలో మీ నాన్నగారే రైటు. మిగ్ ఒళ్లంతా దాదాపు అల్యూమినియం మిశ్రమమే, దానికి గోధుమరంగు తుప్పు రాదు. రంగు లేస్తే కింద ప్రైమరో వెండి మెరుపో కనిపించాలి. ట్యాంకులకి వాడే రస్ట్ వాష్ విమానం మీద పూసేవాళ్లని చూస్తే నాకూ ఒళ్లు మండుతుంది. కానీ గౌరవం కోసం శుభ్రంగా చూపించడం వేరు, ఉన్నది ఉన్నట్టు చూపించడం వేరు.

ఊరికే అడుగుతున్నా
చంపడానికి చేసిన యంత్రం అది. దానికి మరక ఉండాలా వద్దా అని ఇంత కొట్లాటా?

పుట్టీ పూర్ణ
అడగాల్సిన ప్రశ్నే. నా అల్మారాలో పన్నెండు మోడల్స్ ఉంటే అందులో తొమ్మిది యుద్ధ విమానాలు, నన్నూ అప్పుడప్పుడు తొలుస్తూనే ఉంటుంది. వేరే థ్రెడ్ తెరవండి, వస్తాను. ఇక్కడ మరకల సంగతి తేలనివ్వండి.

టైప్77 రిటైర్డ్
మా మనవడు ఈ చర్చ చూపించాడు. ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేశాను. మొదట మిగ్-21లోనే పాత రకం ఎఫ్‌ఎల్ మీద (మేం టైప్ 77 అనేవాళ్లం), తర్వాత బిస్ మీద. మీరంతా నాకంటే బాగా రంగులు వేస్తారు. నేను గుడ్డతో తుడిచినవాణ్ని మాత్రమే.

విమానం దిగాక, చీకటి పడేలోపు తుడవాలి. తుడవడమంటే అందం కోసం కాదు. ఆయిల్ కారుతోందా అన్నది తుడిచిన చోటే తెలుస్తుంది. నిన్న తుడిచిన చోట ఇవాళ ఎర్ర గీత కనిపిస్తే హైడ్రాలిక్ లీకు. మురికి విమానంలో కొత్త లీకూ పాత మరకా ఒకేలా ఉంటాయి. కాబట్టి ఆ మసి కొట్టిన మోడల్ మా లైన్‌లో నిలబడి ఉంటే మా వారెంట్ ఆఫీసర్ మమ్మల్ని బతకనిచ్చేవాడు కాదు.

కానీ శుభ్రంగా ఉండటమంటే కొత్తగా ఉండటం కాదు. ఎండలో నిలబడి నిలబడి వీపు భాగం వెలిసిపోతుంది, పొట్ట వెలవదు. ఒక ప్యానెల్ పాడైతే వేరే విమానంది తెచ్చి బిగిస్తాం, దాని చాయ వేరు. టచప్ చేసిన చోట బ్రష్ గీతలు కనిపిస్తాయి. పైలట్ నిచ్చెన ఎడమవైపే తగిలిస్తాం, అందుకని కాక్‌పిట్ ఎడమ అంచు ఎప్పుడూ అరిగే ఉంటుంది, కుడివైపు అంత ఉండదు. బిస్ పొట్ట కింద తుపాకీ గొట్టాల దగ్గర మసి, చక్రాల మీద బ్రేక్ పొడి. తోక దగ్గర నాజిల్ చుట్టూ పూర్ణ అమ్మాయి చెప్పినట్టే, నీలం, గోధుమ, బూడిద అన్నీ కలిసిన రంగు.

ఇక 71 యుద్ధం నాటి ఎఫ్‌ఎల్ చేసేవాళ్లకి. వెండిరంగు విమానాల మీద యూనిట్లలోనే హడావిడిగా ఆకుపచ్చా మట్టిరంగూ కొట్టారు. ఒకదానికొకటి పోలిక లేదు. దాని మీద రంగు లేచినట్టు ఎంత చూపించినా నేను తప్పు పట్టను.

ఒక్క తప్పు మాత్రం అందరి మోడల్స్‌లోనూ చూస్తున్నాను. ముక్కులో ఉండే ఆ కోన్ లోహం కాదు. దాని వెనక రాడార్ ఉంటుంది, లోహమైతే కిరణం బయటికి ఎలా పోతుంది? తోక కొస కూడా అంతే. అక్కడ వెండిరంగు గీకుళ్లు పెట్టకండి.

నలభై ఎనిమిదో వంతు
బాబాయ్ గారూ, దండం. నా మూడు మిగ్‌లకీ కోన్ మీద వెండి గీకుళ్లున్నాయి. ఆ పెద్దాయన బహుమతి ఇచ్చిన మోడల్‌కి కూడా ఉండే ఉంటాయి.

అయినా నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. వీపు వెలిసింది, పొట్ట వెలవలేదు అన్నారు కదా, అది చూపించాలంటే చాయలు వేయాల్సిందేగా. ఒకే రంగు కొట్టి వదిలేస్తే అదీ అబద్ధమే.

బాలానగర్ బుల్లోడు
ఇది నాన్నకి చదివి వినిపించాను. కోన్ సంగతి రాగానే "అది తెలియకుండా చేస్తున్నారా!" అని నవ్వారు. ఆ మోడల్ మళ్లీ ఒకసారి తెమ్మన్నారు.

పుట్టీ పూర్ణ
గుంటూరు గారూ, రస్ట్ జోలికి పోకండి. నల్ల వాష్ బదులు బూడిద రంగులో తెల్ల చుక్క కలిపి వీపు మీద పల్చగా కొట్టండి. గీతలు ఫ్లాప్‌ల దగ్గరా, తెరుచుకునే తలుపుల దగ్గరా మాత్రమే. మిగతావి వదిలేయండి.

గుంటూరు గ్లూ
రాత్రి కూర్చున్నా. వీపు మీద లేత చాయ, నాజిల్‌కి రంగులు, పొట్ట కింద ఎర్ర గీత ఒకే ఒక్కటి, చెవిలో పెట్టుకునే దూది పుల్లతో లాగాను. మా ఆవిడ చూసి "పగిలిందా?" అంది. లీక్ అని చెప్పా.

బాబాయ్ గారూ, ఒక డౌటు. ఎడమ అంచు అరగాలన్నారు కదా, నిచ్చెన కొక్కెం తగిలే చోట మాత్రమేనా, లేక పైలట్ చెయ్యి పెట్టి ఎక్కే చోట కూడానా? ఎయిర్ బ్రష్ ఇంకా కడగలేదు, మీ జవాబు కోసమే ఆగాను.

టైప్77 రిటైర్డ్
రెండూ. చెయ్యి పెట్టే చోట రంగు లేవదు, నున్నగా అయి మెరుస్తుంది.